ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ లిస్టులో పేరు లేదంటే ముందు ఏం చూసుకోవాలి?

ప్రొద్దుటూరు నుంచి ఒకన్న అడిగారు: "మేడం, మా పాప ప్రైవేట్ స్కూల్లో చదివి టెన్త్‌లో 578 తెచ్చుకుంది, ఇడుపులపాయకి అప్లై చేస్తే లిస్టులో పేరే లేదు. మా వీధిలో జెడ్పీ స్కూల్ పిల్లకి 561కే సీటొచ్చింది. డబ్బులు కట్టినారంటున్నారు. మా అప్లికేషన్ ఎందుకు పక్కన పెట్టినారో ఎవర్ని అడగాల?"

అన్నా, ఆ డబ్బుల మాట ముందు వదిలేయండి. అక్కడ ఇంటర్వ్యూ గింటర్వ్యూ ఏం ఉండదు, టెన్త్ మార్కుల మీద మెరిట్ లిస్టు, దానిమీద రిజర్వేషన్లు, అంతే. కాకపోతే హాస్టల్ లేని గవర్నమెంట్, జెడ్పీ, మున్సిపల్ స్కూళ్ల పిల్లలకి డిప్రివేషన్ స్కోర్ అని 4 శాతం కలుపుతారు, ఆ పాప 561కి అది కలిస్తే 580 దాటేస్తుంది, మీ పాప 578 దగ్గరే ఉండిపోతుంది. ఇది నోటిఫికేషన్లోనే రాసుంటుంది గానీ మనమెవరం చదవం, లాస్ట్ డేట్ ఒక్కటి చూసి నెట్ సెంటర్‌కి పరిగెత్తుతాం. ఇద్దరికీ మార్కులు సమానమైతే మ్యాథ్స్‌లో ఎవరికెక్కువో చూస్తారు, తర్వాత సైన్స్.

ఇప్పుడు మీ అప్లికేషన్ ప్రింట్ తీసి కేటగిరీ గడి చూడండి. మీది బీసీ అయ్యుండి అక్కడ ఓసీ అని పడిందా? నెట్ సెంటర్ పిల్లోడు వెనకాల క్యూ ఉందని గబగబా నొక్కేస్తాడు, మనం సంతకం పెట్టినట్టు తలూపేస్తాం. హాల్ టికెట్ నంబరు, స్కూల్ టైపు, ఎన్‌సీసీ, స్పోర్ట్స్ కోటా ఉంటే అదీ చూడండి, ఆ స్పెషల్ కోటాల లిస్టు మెయిన్ లిస్టుతో పాటు రాదు, వేరేగా ఇస్తారు. తప్పుంటే క్యాంపస్ అడ్మిషన్ ఆఫీసుకి ప్రింటూ సర్టిఫికెట్లూ తీసుకుని వెంటనే పోండి, ఫోన్లో తేలే పని కాదు.

అంతా కరెక్టే ఉండి కూడా డౌటుంటే ట్రిపుల్ ఐటీని నడిపే యూనివర్సిటీకి ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద అర్జీ వేయండి, 2005 చట్టం, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. కానీ "మా పాపకి సీటెందుకు ఇవ్వలేదు" అని రాయొద్దు, కారణాలు చెప్పడం వాళ్ల పని కాదు, రికార్డులో ఉన్నదే ఇస్తారు. మా పాప అప్లికేషన్లో లెక్కలోకి తీసుకున్న మార్కులెన్ని, ఏ కేటగిరీలో పెట్టారు, ఆ కేటగిరీలో ఇడుపులపాయలో ఆఖరి సీటు ఎన్ని మార్కులకి పోయింది, ఈ మూడూ అడగండి. ఆ అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే మీకే తెలిసిపోతుంది. గడువులో జవాబు రాకపోతే, ఆ గడువు అయిపోయాక ఇంకో 30 రోజుల్లోపు అదే యూనివర్సిటీలో ఫస్ట్ అప్పీల్ వేసుకోవచ్చు.

ఈలోగా పాపని ఇంట్లో కూర్చోబెట్టొద్దన్నా, ఎంపీసీలో చేర్పించేయండి. మిగిలిన సీట్లకి తర్వాత మళ్లీ కౌన్సెలింగ్ పెడుతుంటారు, వచ్చే ఛాన్స్ ఉంది, అందుకే జూనియర్ కాలేజీలో ఫీజు మొత్తం ఒకేసారి కట్టకుండా టర్మ్‌లుగా మాట్లాడుకోండి, మధ్యలో పోతే టీసీ, ఒరిజినల్స్ వెనక్కిస్తారా అని చేర్చకముందే అడిగి పెట్టుకోండి.