పాప పాస్‌పోర్టుకు నాన్న సంతకం దొరకకపోతే?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై వడపళనిలో ఉంటున్నాం. మా ఆయన దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఏడాదిన్నరగా మాటల్లేవు, డబ్బు పంపడమూ మానేశారు. విడాకుల కేసు ఎవరమూ వెయ్యలేదు. సింగపూర్‌లో మా అక్కకు పురుడు. 2022లో పుట్టిన మా పాపను తీసుకుని మూడు వారాలు వెళ్లి రావాలి. నాకు పాస్‌పోర్టు ఉంది, పాపకు లేదు. భర్త సంతకం అక్కర్లేదని హైకోర్టు చెప్పిందని తెలిసినవాళ్లు అంటున్నారు. ‘సింగిల్ పేరెంట్ అని పెట్టేద్దాం, గొడవ ఉండదు’ అని ఏజెంటు అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ముందు ఆ ఏజెంటుకు ఒక దండం పెట్టి పంపించెయ్యండమ్మా. పెళ్లి రద్దు కాకుండా, ఆయన నిక్షేపంగా దుబాయ్‌లో ఉండగా, మీరు ఒంటరి తల్లినని రాసి సంతకం పెడితే ఆ అబద్ధం మీ నెత్తిన పడుతుంది, ఏజెంటు నెత్తిన కాదు. తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చినా, ముఖ్యమైన సంగతి దాచినా పాస్‌పోర్టుల చట్టం (1967) 12వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 10వ సెక్షన్ కింద పాస్‌పోర్టునే వెనక్కి తీసుకోవచ్చు. ఇందుకోసం జైలుకెళ్లిన తల్లిని నేనైతే చూడలేదు. కానీ రేపు ఆయన పాప కస్టడీ కోసం కోర్టుకెక్కితే, ఆయన లాయరు మొట్టమొదట దాఖలు చేసేది ఆ కాగితమే. ఆయన తరఫున నేనున్నా అదే చేస్తాను.

హైకోర్టు తీర్పు నిజమే. 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఇచ్చింది. అయితే అది భార్య తన సొంత పాస్‌పోర్టు తీసుకోవడం గురించి. దానికి భర్త అనుమతి, సంతకం అడగకూడదంది. పిల్లల పాస్‌పోర్టు సంగతి వేరు.

పిల్లలకు మామూలుగా తల్లిదండ్రులిద్దరూ అనెక్షర్-డి (దరఖాస్తుతో జతచేసే డిక్లరేషన్) మీద సంతకం పెట్టాలి. ఒకరి సంతకం దొరకనప్పుడు రెండోవాళ్లు ఒక్కరే ఇచ్చేది అనెక్షర్-సి. అంటే మీరు అబద్ధం ఆడాల్సిన పనే లేదు, మీలాంటివాళ్ల కోసమే ఆ నమూనా ఉంది. అవతలివారు విదేశంలో ఉండి సమ్మతి ఇవ్వలేకపోవడం, విడిగా ఉంటున్నా కోర్టులో కేసు లేకపోవడం, వదిలేసి వెళ్లి ఆచూకీ లేకపోవడం, కేసు నడుస్తున్నా పాస్‌పోర్టు వద్దని కోర్టు ఆర్డరు లేకపోవడం – ఇలాంటి కారణాలు అందులో వరుసగా ఉంటాయి. మీకు వర్తించేది ఉంచి మిగతావి కొట్టేయడమే. ఆచూకీ లేదన్న దాని జోలికి మాత్రం వెళ్లకండి, దుబాయ్‌లో ఉన్నారని మీకు తెలుసుగా. తెల్లకాగితం మీద ఇస్తే చాలు. 2016 డిసెంబరు మార్పులతో ఈ అనెక్షర్లకు నోటరీ అవసరం పోయింది.

‘కేసు లేదు’ అని రాసే ముందు నిజంగా లేదో చూసుకోండి. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్‌లో మీ ఇద్దరి పేర్లూ కొట్టి నెల్లూరు, చెన్నై రెండుచోట్లా వెతకండి. సమన్లు పాత అడ్రసుకు వెళ్లి తిరిగొచ్చి, కేసు ఉన్న సంగతే తెలియని ఆడవాళ్లు నా దగ్గరికి వచ్చారు.

అన్నిటికంటే ముందు ఆయన్ని ఒకసారి అడగండి. మాటల్లేకపోయినా మెయిల్ ఉంటుందిగా. ఫలానా తేదీల్లో సింగపూర్ వెళ్లి వస్తాం, పాప పాస్‌పోర్టుకు మీ సమ్మతి కావాలి అని రెండు ముక్కలు రాయండి. పాత గొడవలేవీ అందులో ఎత్తకండి. ఆయన సరేనంటే దుబాయ్‌లోని మన కాన్సులేట్‌లో అఫిడవిట్ అటెస్ట్ చేయించి పంపుతారు, మీరు ఇక్కడ అనెక్షర్-డి ఇస్తారు. కాదన్నా, జవాబే రాకపోయినా ఆ మెయిల్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి.

తండ్రి ఉండగా తల్లికి హక్కేమిటని ఎవరైనా అంటే బెదరకండి. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ‘తండ్రి, ఆయన తర్వాత తల్లి’ అని ఉంది. ‘తర్వాత’ అంటే ఆయన పోయాక అని కాదు, ఆయన బాధ్యత చూసుకోని స్థితిలో అని కూడా అని 1999లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్నదీ ఆ చట్టమే.

సంతకం కంటే చెన్నైలో మనవాళ్లకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇనీషియల్. తమిళులకు ఇనీషియల్ అంటే తండ్రి పేరు, మనకు ఇంటిపేరు. నా దగ్గరికి వచ్చిన ఒక తెలుగు కుటుంబంలో బిడ్డ బర్త్ సర్టిఫికెట్ మీద పేరు చివర ‘కె’ అని ఒక్క అక్షరమే ఉంది. అది వాళ్ల ఇంటిపేరు. ఫారం నింపిన బ్రౌజింగ్ సెంటర్ కుర్రాడు తన అలవాటు కొద్దీ సర్‌నేమ్ గడిలో తండ్రి పేరు కొట్టాడు. పాస్‌పోర్టు అలాగే వచ్చింది. తల్లికి ఒక సర్‌నేమ్, బిడ్డకు మరొకటి. తిరిగి సరిచేయించుకోవడానికి వాళ్లు పడ్డ అవస్థ నాకు తెలుసు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు పనికిరావు, విప్పి రాయాల్సిందే. సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేయడమూ తెలివైన పని కాదు. ఒంటిపేరు పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను దుబాయ్ ఉన్న యూఏఈ దేశం 2022 నవంబరులో ఆపింది. రేపు పాప తండ్రి దగ్గరికి వెళ్లాల్సి వస్తే? ముందు కార్పొరేషన్ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్ తీసి చూడండి. అందులో పాప పేరే ఎక్కలేదంటే కంగారొద్దు, పదిహేనేళ్ల దాకా ఎక్కించుకోవచ్చు. ఏడాది దాటింది గనుక కొద్దిగా ఫీజు కట్టాలి.

మీకు సాలిగ్రామం పాస్‌పోర్టు సేవా కేంద్రం దగ్గరే. పాపను వెంట తీసుకెళ్లాలి. నాలుగేళ్లు నిండకపోతే తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఫొటో మీరే పట్టుకెళ్లాలి, నిండితే అక్కడే తీస్తారు. ఫీజు 1,000 రూపాయలు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు పది శాతం తగ్గింపు. పాస్‌పోర్టు ఐదేళ్లు చెల్లుతుంది.

కౌంటర్లో ‘తండ్రి సంతకం లేకపోతే కుదరదు’ అంటే వాదనకు దిగకండి. అనెక్షర్-సి చూపించండి, అయినా కాదంటే ఆ మాటే రాసి ఇమ్మనండి. నిరాకరిస్తే కారణాలు నమోదు చేసి, అడిగితే కాపీ ఇవ్వాలని పాస్‌పోర్టుల చట్టం 5వ సెక్షన్‌లో ఉంది. 11వ సెక్షన్ కింద అప్పీలు, అవసరమైతే హైకోర్టులో రిట్ – రెండింటికీ ఆ కాగితమే ఆధారం.

పాస్‌పోర్టు చేతికొచ్చినా సింగపూర్ వీసా ఇంకా ఉంది. అక్కడా తండ్రి సమ్మతి అడగవచ్చు, కాబట్టి ఆ మెయిల్ ప్రింటు పారెయ్యకండి. వీసా వచ్చాకే టికెట్లు కొనండి, రానూపోనూ రెండూ ఒకేసారి. వాటి కాపీ ఆయనకు మెయిల్ చేసి మరీ విమానం ఎక్కండి.