మీటరు చూసి మురిసిపోకమ్మా

చిట్టితల్లీ,

మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. రైసు మిల్లువాళ్ళ షెడ్డులో ఉన్న 2014 మోడల్ పికప్పు కొంటున్నావట, మన ఊళ్ళ కొబ్బరికాయలు అంబాజీపేట మార్కెట్‌కి నువ్వే తోలతావట. మన ఇంటి ఆడపిల్ల సొంత బండితో వ్యాపారం మొదలెడుతోందంటే గుండె పొంగిపోయింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే సగం వింటావని కాగితం మీద పెడుతున్నాను.

31 వేలే తిరిగింది, కొత్త బండి కిందే లెక్క అన్నావట. కాదమ్మా. ఇంజను తిరిగితే అరుగుతుంది. రబ్బరు, ఆయిలు, ఇనుము ఊరికే ఉన్నా పాడవుతాయి. మన కోనసీమలో అయితే మరీనూ. ఉప్పుగాలి, వానాకాలమంతా చెమ్మ, షెడ్డులో ఎలకలు. ముందు బానెట్ ఎత్తి వైరింగు కొరికాయేమో చూడు.

ఇంజనాయిలు, ఫిల్టర్లు కొన్న రోజే మార్పించు. ఆ తర్వాత తిరిగినా తిరక్కపోయినా ఏడాదికోసారి. బ్యాటరీ, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ పైపులు కొత్తవి వేయించు. కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోయనివ్వకు, మన ఉప్పు నీళ్ళకి లోపల తుప్పు పట్టి రేడియేటర్ పూడిపోతుంది. ట్యాంకులో ఉన్న పాత డీజిల్ మొత్తం దింపించు, అడుగున నీళ్ళు చేరి ఉంటాయి.

టైర్ల గాళ్ళు లోతుగా ఉన్నాయని సంబరపడకు. పక్కన నాలుగంకెలు ఉంటాయి. 1814 అని ఉంటే 2014లో 18వ వారం తయారైందని అర్థం. అంత పాత టైరు లోడు మీద ఎండలో పోతుంటే పేలుతుంది. స్టెప్నీతో సహా అయిదూ మార్చు. డబ్బు చాలకపోతే నన్నడుగు, వడ్డీకి తేకు.

ఇక బ్రేకులు. ఇది మీ నాన్న నీకు చెప్పి ఉండడు. అప్పటికి నువ్వు పుట్టలేదు. ఒక ఆసామి పాకలో రెండు వానాకాలాలు నిలబడి ఉన్న వ్యాను చవగ్గా వస్తే మీ నాన్నే, మా బావ, కొన్నాడు. తిరిగింది తక్కువే, పెయింటు మెరుస్తోంది. ఆయిలు మార్చాడు, కడిగించాడు, పసుపు కుంకుమ పెట్టించాడు. బ్రేకు తొక్కితే ఆగింది. బాగానే ఉందిగా, చక్రాల బ్రేకు డ్రమ్ములు విప్పడం దేనికి అన్నాడు.

నిండా కాయలేసుకుని సఖినేటిపల్లి రేవుకి వెళ్ళాం. బండ్లని ఏరు దాటించే పంటు ఎక్కి అవతల నరసాపురం చేరాలి. నేను పక్క సీట్లో ఉన్నాను. రేవు వాలులో దిగుతుంటే ముందు ఒక ముసలాయన, నెత్తిన బుట్టతో. బావ గట్టిగా తొక్కాడు. పెడల్ అడ్డమే లేనట్టు మెత్తగా అడుక్కి దిగిపోయింది. హ్యాండ్‌బ్రేకు లాగాడు. కేబులు తుప్పుకి బిగిసిపోయి ఉంది, పని చెయ్యలేదు. హారన్ మీద చెయ్యి తియ్యకుండా స్టీరింగ్ ఎడమకి కోసేశాడు. ముందు చక్రాలు ఒండ్రులో దిగబడి బండి ఒరిగి ఆగింది. కాయలు సగం వశిష్ఠ గోదావరిలో కొట్టుకుపోయాయి. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. చేతులు వణుకుతుంటే బావ అగ్గిపుల్ల కూడా గీసుకోలేకపోయాడు.

తర్వాత మేస్త్రీ డ్రమ్ము విప్పి చూపించాడు. చక్రం దగ్గర బ్రేకుని నెట్టే వీల్ సిలిండర్ లోపల తుప్పు గుంటలు, ఆయిలు కారకుండా ఆపే రబ్బరు కప్పు గట్టిపడి అంచు చిట్లింది. బ్రేకాయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది, ఆ తేమే లోపల్నుంచి ఇనుముని తింటుంది. ఖాళీ బండితో మెల్లగా తొక్కినప్పుడు ఆ కప్పు ఎలాగో కాసింది, లోడుతో వాలులో తొక్కేసరికి లేచిపోయింది. అప్పటి బండికి బ్రేకు లైను ఒకటే. నీ బండికి రెండుంటాయి, నిజమే. అయినా సగం బ్రేకుతో లోడు బండి కాలవగట్టు మలుపులో ఆగదు తల్లీ. మన రోడ్లకి ఒక పక్క ఎప్పుడూ నీళ్ళే.

అందుకని నాలుగు చక్రాలూ విప్పించు. రబ్బరు కిట్లు, హోసులు, హ్యాండ్‌బ్రేకు కేబులు కొత్తవి. పాత బ్రేకాయిలు మొత్తం తీయించి కొత్తది పోయించు, మళ్ళీ రెండేళ్ళకోసారి. విప్పేటప్పుడు పక్కనే నిలబడు. బాగానే ఉన్నాయమ్మా అంటే చూపించమను. ఎనిమిదేళ్ళు దాటిన లోడు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, సరే. ఆ కాగితం చూసి బ్రేకుల సంగతి వదిలెయ్యకు.

ఇంకోటి. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద నీళ్ళు వదిలినప్పుడు ఆ బండి ఏటిగట్టుకి ఏ పక్కన ఉందో వాకబు చెయ్యి. వెనక ఇరుసు మధ్యలో గుండులా ఉండే డిఫరెన్షియల్ ఆయిలు కాస్త దింపిస్తే పాలు కలిసిన టీ రంగులో వచ్చిందా, నీళ్ళు పోయినట్టే. కమాను కట్టలు బిగించే చోట ఛాసిస్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. దిగబడితే బేరమే వద్దు.

అడ్వాన్సు ఇచ్చేశావట! నాతో ఒక్కమాట చెప్పకుండా ఇస్తావా? చిన్నప్పుడూ ఇంతే, ఈత రాకుండానే కాలవలో దూకేదానివి. పోనీలే, ఆ ధైర్యం లేకపోతే ఈ పని తలపెట్టేదానివే కాదు. ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. అప్పటిదాకా తాళాలు చేతికొచ్చినా బండి షెడ్డు దాటించకు. జాకీ, పానాలు నావే తెస్తాను. పాత బట్టలేసుకుని సిద్ధంగా ఉండు, మొదటి డ్రమ్ము నీ చేతే విప్పిస్తాను.

మీ మావయ్య