మన ట్యాక్సులో ఇజ్రాయెల్‌కి వెళ్లేది ఎంత?

ప్రశ్న: నేనూ మా ఆవిడా అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నాం. 2024కి ఇద్దరం కలిపి వేసిన రిటర్నులో ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్సు 20,000 డాలర్లు తేలింది. ఇందులో ఇజ్రాయెల్ సైనిక సాయానికి ఎంత పోతోంది? ఆ వాటా మినహాయించుకుని మిగతాది కట్టొచ్చని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: ముందు ఫ్రెండ్ సంగతి. ఆయన మాట వినకండి. ప్రభుత్వ ఖర్చు నచ్చలేదని రిటర్నులో ట్యాక్సు తగ్గించి చూపితే ఐఆర్‌ఎస్ (అమెరికా ట్యాక్సు శాఖ) దాన్ని పసలేని రిటర్నుగా లెక్కగట్టి 5,000 డాలర్ల పెనాల్టీ వేయగలదు. కట్టాల్సిన ట్యాక్సు, వడ్డీ దానికి అదనం.

ఇక లెక్క. 2016లో అమెరికా, ఇజ్రాయెల్‌ల మధ్య కుదిరిన సైనిక సాయం ఒప్పందం ప్రకారం 2019 నుంచి 2028 వరకు పదేళ్లకు 38 బిలియన్ డాలర్లు (బిలియన్ అంటే 100 కోట్లు), అంటే ఏటా 3.8 బిలియన్లు. అందులో 3.3 బిలియన్లు ఆయుధాల కొనుగోలుకి, 50 కోట్లు క్షిపణి రక్షణకి. 2024లో ఫెడరల్ ప్రభుత్వం మొత్తం ఖర్చు సుమారు 6.75 ట్రిలియన్లు (ట్రిలియన్ అంటే లక్ష కోట్లు). ఆ లెక్కన మీరు కట్టిన ప్రతి 100 డాలర్లలో 6 సెంట్ల లోపే. మీ 20,000లో దాదాపు 11 డాలర్లు.

సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్), మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా)లకు జీతంలోంచి విడిగా కోత పడుతుంది కాబట్టి వాటిని తీసేసి లెక్కేయాలని కొందరంటారు. న్యాయమే. అలా చూస్తే ఈ అంకె సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. పైగా 2024 ఏప్రిల్‌లో కాంగ్రెస్ అదనంగా సుమారు 26 బిలియన్లు మంజూరు చేసింది (గాజాతో సహా మానవతా సాయం, అమెరికా సొంత సైన్యం ఖర్చులు కూడా ఇందులోనే). అదంతా ఒకే ఏడాది ఖర్చయిందనుకున్నా మీ వాటా ఇంకో 77 డాలర్లు.

ఒక విచిత్రం చెప్పనా? ఈ ఆయుధాల డబ్బులో ఎక్కువ భాగం తిరిగి అమెరికా ఆయుధ కంపెనీలకే చేరుతుంది. కొంత భాగం ఇజ్రాయెల్ తన దేశంలోనే ఖర్చు పెట్టుకునే వెసులుబాటు ఉండేది, 2028 నాటికి అదీ పోతుంది.

సాయం చేయడం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. అది 11 డాలర్లతో తేలదు. అభ్యంతరం ఉంటే మీ కాంగ్రెస్ సభ్యుడికి రాయండి, సిటిజన్‌షిప్ లేకపోయినా రాయొచ్చు.

నన్నడిగితే, మీకు టెన్షన్ పుట్టించాల్సిన అంకె వేరే ఉంది. 2024లో ప్రభుత్వ అప్పుల మీద వడ్డీకే ప్రతి 100 డాలర్లలో 13 పోయాయి. మీ 20,000లో దాదాపు 2,600. దాన్ని మీరూ నేనూ ఆపలేం. మన చేతిలో ఉన్నది 401కే, అంటే రిటైర్మెంటు కోసం జీతంలోంచి దాచుకునే ఖాతా. మీ ట్యాక్సును బట్టి మీరు 22 శాతం స్లాబులో ఉన్నట్టున్నారు. ఇంకో 5,000 అందులో వేస్తే ప్రస్తుతానికి 1,100 డాలర్ల ట్యాక్సు తగ్గుతుంది (రిటైరయ్యాక తీసుకున్నప్పుడు కట్టాలి). రిఫండ్ ఎంత వచ్చిందో మీరు రాయలేదు. ఏటా వేలల్లో వస్తుంటే డబ్ల్యూ-4 (జీతంలోంచి ఎంత ట్యాక్సు కోయాలో కంపెనీకి చెప్పే ఫారం) కూడా మార్చుకోండి.