పాలసీ ఉందన్న ధీమాతో యాప్‌లో అప్పు చేశారు, క్లెయిమ్ రాలేదు

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 38,000. మా నాలుగేళ్ల బాబుకు ఫ్లూ వస్తే పొద్దున క్లినిక్‌లో చేర్చుకుని రాత్రికి పంపించారు. బిల్లు 14,000. కంపెనీ ఇచ్చిన 5 లక్షల పాలసీ ఉంది, ఎలాగూ తిరిగొస్తుంది కదా అని ఫోన్‌లో ఒక యాప్ నుంచి 15,000 తీసుకున్నాను. చేతికి వచ్చింది 12,900. పదిహేను రోజుల్లో 15,600 కట్టాలి. ఇప్పుడేమో క్లెయిమ్ కుదరదన్నారు. ఇంకో రాత్రి ఉంచితే వచ్చేదని స్నేహితులు అంటున్నారు. యాప్ వాళ్లు గడువు పెంచుతామంటున్నారు, ఒప్పుకోమంటారా? ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి డబ్బిచ్చే ఓపీడీ కవర్ తీసుకోవాలా? మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 5,000 సిప్ కడుతున్నాను, ఖాతాలో మిగులు లేదు.

జవాబు: గడువు పెంచుకోవద్దండీ. ముందు ఆ లెక్క చూడండి. మీరు వాడుకున్నది 12,900, కట్టేది 15,600. పదిహేను రోజులకు 2,700. మనకు అలవాటైన లెక్కలో నెలకు నూటికి దాదాపు 42 రూపాయల వడ్డీ! నూటికి ఐదంటేనే వామ్మో అంటాం. అదే ప్రాసెసింగ్ ఫీజు అని పేరు మారిస్తే ఒక్క నొక్కుతో ఒప్పేసుకుంటున్నాం. గడువు పెంచిన ప్రతిసారీ ఆ ఫీజు మళ్లీ పడుతుంది. ఆఫీసులో జీతం అడ్వాన్స్ అడగండి, ఈ నెల సిప్ ఆపండి, ఇంకా తగ్గితే బంగారం బ్యాంకులో పెట్టయినా ఆ అప్పు తీర్చేయండి. మీ ఫోన్‌లోని నంబర్లన్నింటికీ ఫోన్లు చేస్తామని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. అప్పుల యాప్‌లు కాంటాక్టుల జాబితా తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఉంది.

ఇక క్లెయిమ్. మామూలు ఆరోగ్య పాలసీలు ఆస్పత్రిలో కనీసం 24 గంటలు చేరి ఉన్న చికిత్సకే డబ్బు ఇస్తాయి. ఒక్క రోజులోపే పూర్తయ్యే కొన్ని డే కేర్ చికిత్సలకు మినహాయింపు ఉన్నా, జ్వరానికి పగలంతా పడుకోబెట్టి సెలైన్ ఎక్కించడం అందులోకి రాదు. మీ బిల్లు తీసి చూడండి: డాక్టర్ ఫీజు రెండుసార్లకు 1,200, ఫ్లూ టెస్టు 4,500, రక్త పరీక్షలు 1,800, బెడ్డు, నర్సింగ్ 3,000, నెబ్యులైజర్ 900, మందులు 2,600. ఈ మొత్తాన్ని బీమా కంపెనీ ఓపీ ఖర్చు, అంటే ఆస్పత్రిలో చేరని వైద్యం కిందే చూస్తుంది. పైగా ప్రతి క్లినిక్కూ పాలసీ దృష్టిలో ఆస్పత్రి కాదు. రిజిస్ట్రేషన్ లేని చోటైతే, విశాఖలాంటి పెద్ద ఊళ్లో కనీసం 15 పడకలు, రాత్రీపగలూ నర్సులు, డాక్టరు ఉండాలి.

ఇంకో రాత్రి ఉంచాల్సిందన్న మీ స్నేహితుల మాట మాత్రం వినకండి. పరీక్షల కోసమే చేర్చుకున్నారని తేలితే 24 గంటలు దాటినా క్లెయిమ్ రాదు. అవసరం లేని అడ్మిషన్‌కు కాగితాలు రాయించుకున్నారని తేలితే పాలసీకే ఎసరు. డాక్టరు ఇంటికి తీసుకెళ్లమన్నాడంటే బాబు బాగున్నాడని సంతోషించాలి. అయితే ఆ బిల్లులు పారేయకండి. ఇదే జబ్బు తిరగబెట్టి నెలలోపు నిజంగా ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే, చాలా పాలసీల్లో చేరడానికి ముందు 30 రోజుల ఖర్చు కూడా క్లెయిమ్‌లో కలుస్తుంది.

మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం, పిల్లలున్న చాలా ఇళ్లలో ఇదే పొరపాటు కనిపిస్తోంది. 5 లక్షల పాలసీ ఉంటుంది, సిప్ ఉంటుంది, చేతిలో మాత్రం పదివేలు ఉండవు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఎక్కువసార్లు వచ్చేవి పాలసీ గుమ్మం దాకా వెళ్లని ఖర్చులే. వానలు మొదలయ్యాక జ్వరం, దగ్గు, టెస్టులు, మందులు. ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. డబ్బు కోసం తిరిగే వ్యవధి అప్పుడు ఉండదు. నిజంగా ఆస్పత్రిలో చేర్చినా అంతే. బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న ఆస్పత్రుల నెట్‌వర్క్‌లో లేని చోట ముందు మీరే కట్టాలి, గ్లౌజులు, మాస్కుల్లాంటివి చాలా పాలసీలు ఇవ్వవు, గది అద్దె పరిమితి దాటితే మిగతా ఖర్చుల్లోనూ కోత పడుతుంది.

అందుకే అత్యవసర నిధి లేకుండా సిప్ కట్టడాన్ని నేను పొదుపుగా లెక్కెయ్యను. అప్పు తీరిన మరుసటి నెల నుంచి ఆ 5,000 వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఐదు నెలల్లో 25,000 అవుతుంది, ఈసారి వచ్చినంత బిల్లును తేలిగ్గా తట్టుకుంటారు. అక్కడితో ఆపొద్దు. మీ ఇంటి ఖర్చు నెలకు 30,000 అనుకుంటే ఆరు నెలలకు 1,80,000 కావాలి. అది పోగయ్యేదాకా బోనస్ వచ్చినా, చీటీ పాడినా అందులోకే. ఆ ఖాతాను యూపీఐకి కలపకండి, డెబిట్ కార్డు మాత్రం మీ ఆవిడ దగ్గర కూడా ఉండాలి. బాబుకు జ్వరం వచ్చేసరికి మీరు నైట్ షిఫ్టులో ఉండొచ్చు.

ఓపీడీ కవర్ అంటారా, అదనపు ప్రీమియం ఎంత, ఏడాదికి ఇచ్చే పరిమితి ఎంత అని పక్కపక్కన రాసుకుంటే మీకే తెలుస్తుంది. నిధి లేనివాళ్లకు అది తర్వాతి సంగతి. ఏటా వేయించే ఫ్లూ టీకా గురించి పిల్లల డాక్టరును అడగండి, మీరు టెస్టుకు పెట్టిన డబ్బు కంటే తక్కువలోనే అవుతుంది. చేతిలో డబ్బు లేని రోజు మీ ఊరి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో పిల్లల వార్డు ఉందని గుర్తుంచుకోండి.

కంపెనీ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది కాబట్టి కుటుంబానికి సొంత పాలసీ కూడా చూడండి, కానీ నిధిలో మొదటి 25,000 పడ్డాకే. యాప్ అప్పు కట్టిన రోజే ఖాతా మూసినట్టు రాతపూర్వకంగా తీసుకుని, మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులోనూ అది మూసినట్టు వచ్చిందో లేదో రెండు నెలల తర్వాత చూసుకోండి.