ఆ మూడు తెలుపుల్లో ఏది వేయించాలంటే

చిన్నీ,

మీ కొత్త ఇంటి హాలు గోడలకి అనుకుంటున్న మూడు తెల్ల రంగుల ఫొటోలూ చూశాను. అల్లుడు ఒకటి బాగుందంటున్నాడనీ, మీ అత్తగారు ఇంకోటి అంటున్నారనీ, నీకేమో మూడూ ఒకేలా కనిపిస్తున్నాయనీ రాశావు. ఫోన్‌లో చూసి మాత్రం నేను చెప్పను, ఇంకెవరు చెప్పినా వినకు. ఫోన్ కెమెరా తెలుపుని తనకు తోచినట్టు సర్దేస్తుంది. కావాలంటే ఒకే గోడని పొద్దున ఒకసారి, రాత్రి లైటు వేసి ఒకసారి ఫొటో తీసి చూడు, వేరే వేరే రంగులనుకుంటావు. ఇన్నేళ్లు ఇళ్లకి రంగుల పని చేయించినవాడిగా నేను చెప్పేది ఇదీ: రంగు తేలేది మీ హాల్లోనే, అదీ మీరు అక్కడ ఎక్కువసేపు కూర్చునే వేళలోనే.

ముందు ఆ మూడింటికీ తేడా ఎక్కడుందో పట్టుకో. ఒక జిరాక్స్ కాగితం తీసుకుని దాని మీద షేడ్ కార్డులోని ఆ మూడు రంగుల ముక్కలూ ఎడం ఎడంగా పెట్టు. అప్పటిదాకా తెల్లగా ఉన్నవే ఒకటి పసుపు కొడుతుంది, ఒకటి గులాబీ కొడుతుంది, ఇంకోటి బూడిద రంగులోకి పోతుంది. కార్డు మీద పేర్లు ఎంత అందంగా ఉన్నా పట్టించుకోకు, లోపల ఉన్న ఆ జీర చూడు. మన పాత ఇళ్లలో పండక్కి సున్నం వేసేటప్పుడు అందులో కాస్త నీలిమందు కలిపేవాళ్లు. గోడ నీలంగా ఏమీ కనిపించేది కాదు, సున్నంలో ఉన్న పసుపుదనం చచ్చి ఇంకా తెల్లగా అనిపించేది. అంత కొంచెం జీరకే గోడంతా మారిపోతుంది కాబట్టే మూడూ ఒకటేలే అని ఏదో ఒకటి చెప్పేయొద్దంటున్నాను.

ఇప్పుడు ఆ జీరని మీ నేలతో కలిపి చూడు. మీవి లేత క్రీమ్ విట్రిఫైడ్ టైల్స్ అన్నావు. టైల్స్ మార్చలేవు, టేకు తలుపులు మార్చలేవు, సోఫా కూడా కొనేశారు, ఇక మీ చేతిలో మిగిలింది రంగే, అదే వాటితో సర్దుకోవాలి. క్రీమ్ నేల మీద కాస్త పసుపు జీర ఉన్న తెలుపు ఇట్టే కలిసిపోతుంది, అదే నీలం బూడిద జీర ఉన్నది వేస్తే గోడ బాగానే ఉంటుంది కానీ పాపం కొత్త టైల్స్ పాతబడినట్టు కనిపిస్తాయి. అందుకని ఒక ముక్క నేల మీద పెట్టి, ఒకటి తలుపు చట్రానికి ఆనించి చూడు, మూడింట్లో ఒకటి అక్కడే పోతుంది.

మిగిలిన రెండింటి సంగతి వెలుతురు తేలుస్తుంది. చీర కొనేటప్పుడు షాపు గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూస్తావు కదా, గోడకి దానికి తిరగేసి చెయ్యాలి, షాపులో చూసినదాన్ని ఇంట్లోకి తెచ్చి చూడాలి. షాపు ట్యూబు లైటు కింద ఒక్కటిగా కనిపించిన రెండు షేడ్లు మీ ఇంటి లైటు కింద విడిపోతాయి. పెట్టె మీద 6500 కె అని ఉన్న ఎల్‌ఈడీ కింద తెలుపులు నీలంగా, చల్లగా ఉంటాయి, 3000 కె వార్మ్ వైట్ కింద అవే పసుపుగా మారతాయి. మీ హాలు పడమర బాల్కనీ వైపు అన్నావు, సాయంత్రం నాలుగు దాటాక వచ్చే ఎండ ఎలాగూ పసుపే, కాబట్టి ఇప్పటికే పసుపు బాగా ఉన్న షేడ్ ఆ గోడ మీద వెన్నరంగులోకి దిగుతుంది. అది ఇష్టమైతే సరే. లేకపోతే ఆ రెండింట్లో తక్కువ పసుపున్నది తీసుకో. బాల్కనీ ముందు పెద్ద చెట్టు ఉంటే ఆకుల పచ్చదనం కూడా గోడ మీద పడుతుంది, అదీ చూసుకో.

శాంపిల్ వేసే పద్ధతి జాగ్రత్తగా విను, అందరూ తప్పు చేసేది ఇక్కడే. రెండు రంగులూ పక్కపక్కనే గోడ మీద చేరేసి పూయించొద్దు. అలా పూస్తే ఒకదాని పక్కన ఒకటి లేని జీర కూడా ఉన్నట్టు కనిపిస్తుంది, ఉన్న తేడా రెట్టింపవుతుంది, మీ అత్తగారూ అల్లుడూ మళ్లీ మొదలుపెడతారు. షాపులో దొరికే చిన్న డబ్బా, లేకపోతే లీటరు డబ్బా తీసుకో, రెండు అట్టలు రెండడుగుల కొలతకి కోసి, ముందు ప్రైమర్, ఆపైన రెండు కోట్లు రోలర్‌తో వేయించు, చుట్టూ రెండంగుళాలు తెల్లగా వదిలెయ్యి. ప్రైమర్ లేకుండా గోడ మీది లప్పం (పుట్టీ) మీద నేరుగా వేస్తే అది రంగు పీల్చుకుని మచ్చలు మచ్చలుగా వస్తుంది, దాన్ని చూసి షేడ్ బాగాలేదనుకుంటారు. తడిగా ఉన్నప్పుడు అసలు చూడొద్దు, ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) ఆరాక కొంచెం ముదురుతుంది, ఒక రోజు వదిలెయ్యి. ఆ తర్వాత ఒక్కో అట్టనీ విడిగా, టీవీ గోడ మీద కొంతసేపు, కిటికీ ఎదురుగా కొంతసేపు, మూలలో కొంతసేపు పెట్టు. పొద్దున కాఫీ వేళ, మధ్యాహ్నం, రాత్రి లైట్లు వేశాక చూడు. మీరిద్దరూ ఉద్యోగాలకి వెళ్లి ఏడింటికి గానీ ఇంటికి రారు కాబట్టి రాత్రి చూసిందానికే ఎక్కువ విలువివ్వు.

ఇంకో మాట, నాలుగు గోడలకీ వేశాక ఒకదాని రంగు ఇంకోదాని మీద పడి షేడ్ అట్ట మీద కంటే గాఢంగా అనిపిస్తుంది. ఇంత చేశాక కూడా రెండూ తేలకపోతే లేతదానికి సరే అనేసి హాయిగా పడుకో, ఇక టెన్షన్ పడేంత తేడా వాటి మధ్య లేదు.

షేడ్ కోడ్ ఇచ్చేటప్పుడు శాంపిల్ ఏ రకం ఎమల్షన్‌లో చూశావో పనికీ అదే రకం కొనిపించు. మేస్త్రి అదే నంబరు ఇంకో రకంలో చవగ్గా వస్తుందమ్మా అంటాడు, బేస్ (షేడ్ కలిపే మూల రంగు) మారితే అదే కోడ్ కాస్త వేరుగా వస్తుంది, ఒప్పుకోకు. మెరుపు ఎక్కువున్నది కూడా వద్దు, బాల్కనీ వెలుతురు పక్క నుంచి పడితే లప్పంలో ఉన్న ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. పదిహేను బై పన్నెండు హాలు, పదడుగుల ఎత్తు అంటే తలుపులు కిటికీలు పోను నాలుగు వందల యాభై చదరపు అడుగులు ఉంటుంది, లీటరుకి రెండు కోట్లకి సుమారు 120 నుంచి 140 వస్తుంది కాబట్టి నాలుగు లీటర్ల డబ్బా దాదాపు సరిపోతుంది. భోజనాల గది కూడా కలిపితే అంతా ఒకేసారి షాపులో రంగులు కలిపే మిషన్ మీద కలిపించు, డబ్బాలు రెండైతే పెద్ద బకెట్లో పోసి కలిపాకే మొదలుపెట్టమను. మూత మీద స్టిక్కర్ ఫొటో తీసి పెట్టుకో, పిల్లాడు గోడ మీద గీతలు గీశాక అది కావాలి.

గృహప్రవేశం కార్తీకంలో అన్నావు కదా, వానలు ఆగి గోడలు బాగా ఆరాకే పని మొదలుపెట్టించు. అట్టలు తయారయ్యాక వీడియో కాల్ చెయ్యి, రంగు నేను చెప్పలేను గానీ లప్పం సరిగ్గా పట్టించారో లేదో చూసి చెబుతాను.

మీ బాబాయ్