పాల పెట్టెలో జవాబు

ప్రశ్న: జపాన్ నవలలు ఇంగ్లీషులో నాలుగైదు చదివాను. అన్నీ ఒక చిన్న కొట్టు చుట్టూనే తిరుగుతాయి. ఎవరో దిగులుగా వస్తారు, కుదుటపడి వెళ్తారు. పుస్తకం మూశాక ఏది ఏ కథో గుర్తుండదు. మా చెల్లి మాత్రం ఇవి చదివితేనే టెన్షన్ తగ్గుతుందంటుంది. వీటిలో గుర్తుండిపోయేది ఒక్కటైనా ఉందా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ విసుగు నాకూ ఉందమ్మా. అట్ట మీద పిల్లి బొమ్మ కనబడితే ఈ మధ్య పుస్తకం తెరవకుండానే పక్కన పెడుతున్నాను. కానీ ఒకటి వదలొద్దు: ‘ద మిరకిల్స్ ఆఫ్ ద నమియా జనరల్ స్టోర్’. హత్యలు, దర్యాప్తుల నవలలకు పేరుపడ్డ కేగో హిగాషినో రాశాడు. జపాన్‌లో 2012లో, ఇంగ్లీషులో 2019లో వచ్చింది.

ముగ్గురు కుర్ర దొంగలు మూతబడ్డ కొట్టులో దాక్కుంటే, షట్టర్ సందులోంచి ఓ ఉత్తరం పడుతుంది. చూస్తే అది మూడు దశాబ్దాల కిందటి మనిషి రాసింది.

కొట్టు పేరు నమియా, ఒకప్పుడు దాన్ని నడిపింది ఓ ముసలాయన. జపనీసులో ‘నయామి’ అంటే మనసులోని బాధ. వీధి పిల్లలు కావాలనే పేరులో అక్షరాలు అటూ ఇటూ చేసి, మా బాధలు తీరుస్తావా తాతా అని ఆటపట్టిస్తే ఆయన సరేనంటాడు. చదవకుండా వందకి వంద రావాలంటే ఎలా అని ఒకడు రాస్తాడు. నీ గురించే పరీక్ష పెట్టమని టీచర్ని అడుగు, నువ్వేం రాసినా కరెక్టే అవుతుంది అంటాడు తాత. వెటకారంగా రాసినవాడి కోసం కూడా అంత ఆలోచించాడే, అక్కడే నేను పడిపోయాను.

పెద్ద బాధలకి జవాబు కొట్టు వెనక పాల పెట్టెలో ఉంటుంది. జపాన్‌లో ఇంటికి సీసా పాలు వేసే రోజుల్లో గుమ్మం దగ్గర ఉండే చిన్న చెక్క పెట్టె అది. ఎవరికీ మొహం చూపించక్కర్లేదు, చీకట్లో వచ్చి తీసుకెళ్లొచ్చు. తాత తర్వాత ఆ దొంగలే జవాబులు రాస్తారు, అదీ తిట్లతో! సంగీతం పిచ్చిలో ఉన్న చేపల కొట్టు కుర్రాడిని వాయించేస్తారు. ఓదార్పు సిరప్ కాదన్నమాట.

అన్ని కథల్లోనూ కొట్టే ఎందుకంటే, అవి అక్కడ పోతున్నాయి కాబట్టి. చిన్న కొట్లని కాపాడడానికి 1973లో తెచ్చిన పెద్ద దుకాణాల చట్టాన్ని 2000లో తీసేశారు. ఊరి బయట మాల్స్ పెరిగాయి, కొట్టువాళ్లు ముసలివాళ్లయ్యారు. షోటెన్‌గాయ్ అనే బజారు వీధులు చాలాచోట్ల ‘షట్టర్ వీధులు’ అయ్యాయి. పిల్లలు చిల్లర యెన్లతో చిరుతిళ్లు కొనుక్కునే దగాషియాలూ తగ్గిపోయాయి. (పేరులో దగా ఉంది గానీ, మోసమేం లేదు. దగాషి అంటే చవక మిఠాయి.)

నవల చివర్లో తాతకి ఓ ఖాళీ కాగితం వస్తుంది. దానికీ జవాబు రాస్తాడు. ఏం రాశాడో చెప్పను. పుస్తకం కొనకండి, మీ చెల్లి దగ్గర ఉండే ఉంటుంది.