డిగ్రీ చదువుతూ డేకేర్‌లో సాయంత్రాలు పనిచేయడం గురించి

డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నారని, ఇంటికి దగ్గర్లోని డేకేర్‌వారు సాయంత్రం మూడున్నర నుంచి ఏడు వరకు పనికి రమ్మంటున్నారని, చదువు దెబ్బతింటుందేమోనన్న భయం ఒకవైపు, "అది ఆయమ్మ పని, నీకెందుకు" అనే ఇంట్లోవారి మాట మరోవైపు మిమ్మల్ని ఆపుతున్నాయని రాశారు. నేను హైదరాబాద్‌లో బీఎస్సీ చదివేటప్పుడు కొండాపూర్ వైపు ఒక డేకేర్‌లో రెండో సంవత్సరం నుంచి డిగ్రీ పూర్తయ్యేదాకా సాయంత్రాలు పనిచేశాను కాబట్టి ఆ అనుభవంతో జవాబిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒక విద్యాసంవత్సరం మొత్తం నిలకడగా వెళ్లగలనన్న నమ్మకం ఉంటే తప్పకుండా చేరండి; రెండు మూడు నెలలు చేసి చూద్దామనుకుంటే మాత్రం ఈ పని వద్దు, ట్యూషన్లు చెప్పుకోవడం మేలు.

నిలకడ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఏడాది నుంచి మూడేళ్లలోపు పిల్లలకు, వెళ్లిన అమ్మ సాయంత్రానికి తిరిగి వస్తుందన్న భరోసా ఇంకా గట్టిపడి ఉండదు. ఆ దిగులును వారు తమకు అలవాటైన ఒక మనిషిని పట్టుకుని తట్టుకుంటారు. మా దగ్గర బెంగాలీ కుటుంబానికి చెందిన రెండేళ్ల బాబు ఒకడుండేవాడు. మధ్యాహ్నం నిద్ర లేస్తూనే ఏడుపు అందుకునేవాడు, తెలుగు రాదు, ఎత్తుకుంటే ఇంకా బిగుసుకుపోయేవాడు. అక్కడ ఎన్నో ఏళ్లుగా ఉన్న ఆయమ్మ నాతో, వాణ్ణి ఎత్తుకోవద్దని, వాడి వైపు చూడకుండా కాస్త ఎడంగా నేల మీద కూర్చుని స్టీలు గిన్నెలు ఒకదానిలో ఒకటి పేర్చుకుంటూ ఉండమని చెప్పింది. కాసేపటికి వాడే జరిగి జరిగి వచ్చి, నా మోకాలికి ఆనుకుని, అన్నిటికంటే చిన్న గిన్నె తీసి నా చేతిలో పెట్టేవాడు. అదయ్యాకే పాలు తాగేవాడు. నేను సెలవు పెట్టిన రోజున ఈ వరస తప్పేది. పాలు ముట్టలేదని మర్నాడు రిజిస్టరులో రాసి ఉండేది. అలాంటి పిల్లల దగ్గరికి నెలకొక కొత్త అక్కను పంపడం ఏ యాజమాన్యానికైనా తగని పని, అలా వచ్చి వెళ్లిపోయే అక్కగా మనం ఉండటమూ తగదు.

ఇక ఆయమ్మ పని అనే మాట. నిజమే, ముక్కులు తుడవాలి, డైపర్లు మార్చాలి, ఒలికిన పప్పన్నం ఎత్తాలి. వీటిలో దేన్నయినా చేయనని షరతు పెట్టేవారు డేకేర్‌కు రాకూడదన్నది నా ఉద్దేశం, ఎందుకంటే ఆ పిల్లలకు చదువు చెప్పడమూ, కడిగి శుభ్రం చేయడమూ వేర్వేరు పనులు కావు. నేను నేర్చుకున్న మెలకువల్లో సగం ఆయమ్మల దగ్గర నేర్చుకున్నవే. నాలుగేళ్లలోపు పిల్లలకు ద్రాక్షపండును కోయకుండా అలాగే ఇవ్వక, నిలువుగా నాలుగు చీలికలు చేయాలని, పల్లీలు, పాప్‌కార్న్ వంటివి గొంతుకు అడ్డుపడతాయి కనుక టిఫిన్ డబ్బాలో వచ్చినా పక్కన పెట్టాలని, ఏడాది నిండని పసివారిని వెల్లకిలా పడుకోబెట్టాలని, వారికి తేనె నాకించకూడదని అక్కడే తెలిసింది. ఈ చివరిదాని గురించి కొందరు అమ్మమ్మలతో ఓర్పుగా మాట్లాడవలసి కూడా వచ్చింది.

మీరు చేరబోయే చోట పిల్లలెందరు, పెద్దలెందరు అన్నది, ముఖ్యంగా పసివారి గదిలో, అన్నిటికంటే ముందు చూడండి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచారు. ఆ సెలవులో కొంత కాన్పుకు ముందే వాడుకుంటే, బిడ్డకు అన్నప్రాశన అయ్యీ కాకముందే తల్లి ఆఫీసుకు తిరిగి వెళ్లవలసి వస్తుంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి చుట్టుపక్కల డేకేర్‌లకు అంత పసివారు రావడానికి ఇదొక కారణం. చేతిలో ఒక పసిబిడ్డ ఉంటే మిగతావారి మీద కన్నుంచడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది. కాబట్టి మొదటి ఆరు నెలలు మూడేళ్లు దాటిన పిల్లల గదినే అడగండి. పసివారి గదిలో మిమ్మల్ని ఒంటరిగా వదిలే చోటు అయితే, జీతం ఎంత చెప్పినా ఒప్పుకోకండి.

భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. ఒక సాయంత్రం ఒక పాప మేనమామనంటూ ఒకాయన వచ్చారు. పాప ఆయన్ని చూసి నవ్వింది కూడా. కానీ తీసుకెళ్లడానికి అనుమతి ఉన్నవారి జాబితాలో ఆయన పేరు లేదు. తల్లికి ఫోన్ చేశాం, ఆమె మీటింగ్‌లో ఉండి ఎత్తలేదు, ఆయనకు కోపం వచ్చింది, అయినా ఆమె తిరిగి ఫోన్ చేసి చెప్పేవరకు పాపను పంపలేదు. ఆయన నిజంగా మేనమామే. మర్నాడు తల్లి వచ్చి కృతజ్ఞతలు చెప్పింది. ఇంతకంటే బరువైన విషయం ఇంకొకటి: ఏ బిడ్డ మీదనైనా లైంగిక వేధింపు జరిగిందన్న అనుమానం కలిగితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తెలిసిన ప్రతి వ్యక్తి బాధ్యత, యాజమాన్యం చూసుకుంటుందిలే అని ఊరుకోవడానికి వీల్లేదు. పిల్లల సహాయవాణి 1098 నంబరు ఫోన్‌లో ఉంచుకోండి.

చదువు సంగతికి వస్తే, పనిగంటల కంటే ఆ తర్వాత మిగిలే అలసటను లెక్కలోకి తీసుకోండి. పిల్లల మధ్య మూడు గంటలు గడిపాక రాత్రి పుస్తకం తెరిస్తే కళ్లు మూతపడతాయి. నేను తెల్లవారుజామున చదువుకోవడం అలవాటు చేసుకున్నాను, రికార్డులు మాత్రం కాలేజీలోనే పూర్తిచేసేదాన్ని. 75 శాతం హాజరు నిబంధన ఉంది కనుక డేకేర్ కోసం మధ్యాహ్నం ల్యాబ్ ఎగ్గొట్టే పరిస్థితి రానివ్వకండి. సెమిస్టర్ పరీక్షలకు, ఇంటర్నల్స్‌కు ఎన్ని రోజులు సెలవు కావాలో చేరేటప్పుడే కాగితం మీద రాయించుకోండి. మొదటి వానాకాలంలో జలుబు, జ్వరం మిమ్మల్ని విడిచిపెట్టవు, పిల్లల దగ్గరినుంచి ఒకటి పోతే ఇంకొకటి అంటుకుంటుంది. ఏడు గంటలన్నది కూడా పేరుకే. ట్రాఫిక్‌లో చిక్కుకున్న తల్లిదండ్రులు వచ్చేసరికి ఏడున్నర దాటుతుంది. ఆ అదనపు సమయానికి డబ్బు ఇస్తారా, చీకటిపడ్డాక ఇంటికి చేర్చే ఏర్పాటు ఉందా అని అడగడంలో తప్పేమీ లేదు.

జీతం తక్కువేనన్నది ఒప్పుకుంటాను; అదే సమయం లెక్కల ట్యూషన్‌కు పెడితే అంతకంటే ఎక్కువే వస్తుంది. అయితే టీచర్ ఉద్యోగం, మనస్తత్వశాస్త్రం, పోషకాహారం వంటివాటి మీద ఆసక్తి ఉంటే ఈ అనుభవం దేనికీ తీసిపోదు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. ఇంటర్ పాసైనవారికి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో పసిపిల్లల సంరక్షణ, విద్య మీద డిప్లొమా కూడా ఉంది. అనుభవ పత్రం మాత్రం అడిగి తీసుకోండి, అడగకపోతే ఇవ్వరు.

మీ ఇంట్లోవారికి నచ్చజెప్పడానికి నాకు తోచిన మార్గం ఒకటే. చేరేముందు ఒక సాయంత్రం మీ అమ్మగారిని వెంటబెట్టుకుని ఆ డేకేర్‌కు వెళ్లి, నాలుగు నుంచి ఏడు వరకు ఒక మూల కూర్చుని చూస్తామని అడగండి. ఒక బిడ్డ ఏడిస్తే ఎంతసేపటికి ఎవరు వస్తున్నారో, వచ్చినవారి గొంతు ఎలా ఉందో, డైపర్ మార్చాక చేతులు కడుగుతున్నారో లేదో గమనించండి. కూర్చోనివ్వడానికి వారు ఒప్పుకోకపోతే ఇంకో డేకేర్ చూసుకోండి.